నా సొంత మొద్దు

అరవై తొమ్మిదిలో, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, మొయినాబాద్ దగ్గర పిల్లలు రోడ్డుకు అడ్డంగా కూర్చుంటే చేవెళ్ల బస్సు ఆగిపోయింది. ముందు సీట్లో కనకమామిడి ఊరి పటేల్ ఉన్నాడు. ఆయన ఇంటి పెళ్లిలో కూర తిన్నవాళ్లకు వాంతులు పట్టుకున్నాయి. కోళ్లు కోసి ఇచ్చింది నేనే. అప్పటినుంచి నా దగ్గర ఎవరూ కొనడం లేదు.

"ఇగో, విషం కోళ్లోడు గూడ బస్సెక్కిండు," అన్నాడు పటేల్.

"ఫికర్ చెయ్యకు పటేలా, టికెట్ తీసుకున్న, నిన్ను కొరకను," అన్నాను. బస్సంతా నవ్వింది.

నా పక్కన కూర్చున్నామె నవ్వలేదు. నగరంలో దవాఖాన ల్యాబులో పనిచేస్తుందట. పెళ్లి సంగతంతా నన్నడిగి తెలుసుకుంది.

"పటేల్ గారూ, మాంసంల క్రిమికి పేరొకటే ఉన్నా, రకాలు శాన ఉంటయి. తిన్నోళ్ల కడుపుల రకం, ఈ అన్న కోళ్లల్ల రకం ఒకటేనా? ఎవరన్న పరీక్ష చేసిన్రా?"

పటేల్ కిటికీ వైపు తిరిగాడు. నేను మీసం దువ్వాను.

"నువ్వు గంత మురవకు అన్నా," అంది నాతో. "కోళ్లు దేని మీద కొడతవ్?"

"వారం అంగట్ల కోళ్లు కొట్టేటోళ్లందరికీ ఒకటే మొద్దు గదమ్మా."

"మరి అందరి కోళ్ల క్రిములు దాని మీదనే కలుస్తయి. నీ తప్పు కాదని గూడ ఎట్ల చెప్పాలె?"

బస్సు కదిలింది. ఆమె పేరు అడగలేదు.

తర్వాతి వారం అంగడికి నా సొంత చింతమొద్దు నెత్తిన పెట్టుకుని వెళ్లాను. నా కోళ్లు తప్ప దాని మీద ఇంకొకటి పడనివ్వలేదు, మరిగే నీళ్లతో కడగకుండా ఇంటికి రాలేదు. "దొరగారి సింహాసనం వచ్చింది," అని తోటివాళ్లు నవ్వారు.

"నవ్వుండ్రి," అన్నాను. "ఇగ ఎవ్వలన్న నా కోళ్లను అంటే, ఈ మొద్దును పట్టుకపోయి పరీక్ష చెయ్యమంట."