సింహాచలం మేస్త్రి బఫర్ దించిన రోజు

విశాఖ సీతమ్మధారలో కారు సామాన్ల దుకాణంవాడు పాలిష్ డబ్బా మూత తిప్పగానే, కిరసనాయిలూ సుద్దపొడీ కలిపినట్టుండే వాసన ముక్కుకి తగిలింది. నా చెయ్యి దానంతటదే చీర కుచ్చిళ్ళు ఎగదోపడానికి వెళ్ళింది. పని మానేసి ఇన్నేళ్ళయినా ఒంటికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. పక్కన మా మనవరాలు రమ్య నిలబడి ఉంది. అది సెకండ్ హ్యాండ్‌లో ఎర్ర కారు కొనుక్కుంది. సముద్రపు గాలికి రంగు పాలిపోయి, పైన సున్నం పూసినట్టయింది. మళ్ళీ మెరిపించాలంటే పాలిషూ, దాన్ని రుద్దే మెషీన్ బఫరూ కావాలి. "బాగా పవరున్న మెషీనివ్వండి, గట్టి పాలిష్ ఇవ్వండి, ఒక్క పూటలో అయిపోవాలి" అంటోంది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే సింహాచలం మేస్త్రి గురించి చెప్పాలి.

మేస్త్రిది పద్మనాభం వైపు పల్లె. పోర్టుకి పోయే దారిలో ఓ రేకుల షెడ్డులో కార్లకి రంగులు వేయించేవాడు. మూడో తరగతితో బడి మానేసిన నేను, ఇల్లు గడవక అక్కడ కార్లు కడిగే పనిలో చేరాను. కడగడం, తుడవడం తప్ప ఆడవాళ్ళకి వేరే పని చెప్పేవారు కాదు. మొదటి రోజే, పోర్టు నుంచి ఎగిరొచ్చి కారు మీద పేరుకున్న నల్ల దుమ్ముని పొడిగుడ్డతో తుడవబోయాను.

"ఆగే పైడమ్మా. ఏటి సేత్తన్నావ్?"

"తుడుత్తన్నాను మేస్త్రీ."

"ఇంట్లో దుమ్మనుకున్నావేటి? బొగ్గుపొడి అది. పొడిగుడ్డెట్టి తుడిత్తే ఒల్లంతా గీకినట్టే. ముందు నీలు పొయ్యి. దాని మానాన దాన్ని జారిపోనీ."

గొంతు పెంచే మనిషి కాదు. అందుకే ఆయన మాట గట్టిగా దిగేది. కొన్నాళ్ళకి నన్ను పాలిష్ పని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. కారు ఎంత మాసిపోయినా ముందు అన్నిటికన్నా మెత్తని పాలిషే తీసేవాడు. అరచేయంత మేర రుద్ది చూసేవాడు. చాలకపోతేనే ఇంకాస్త గరుకుది. నాకది ఒట్టి దండగనిపించేది. పొదుపు నాకు పుట్టుకతో వచ్చిన గుణం.

"గట్టిది ఒక్కసారి పట్టించీసుకుంటే పోద్ది కదా మేస్త్రీ. పాలిషూ మిగులుద్ది" అన్నాను.

"పాలిష్ మిగులుద్ది. మరి రంగో? మెరుపంటే ఏటనుకున్నావ్, పైనున్న రంగుని కాస్త కాస్త అరగదీడవే. గీత మిగిలిపోతే రేపైనా తియ్యొచ్చు. పోయిన రంగు నాను తేగల్నా, నువ్వు తేగలవా?"

అప్పటి నుంచి ఇంట్లో చింతపండు నానబెట్టినా, పిల్లల్ని మందలించినా ముందు తక్కువతోనే మొదలుపెట్టాను.

పని అయ్యాక ఆయన నన్ను పిలిచి, "ట్యూబులైటు కింద పక్కకి నిలబడి, ఏటగుపడతందో సెప్పు" అనేవాడు. గీతలున్న చోటు నేను వేలితో చూపిస్తే, అక్కడ మళ్ళీ రుద్దేవాడు. నాకు పని నేర్పుతున్నాడనే అనుకున్నాను. కార్ల సొట్టలు తీసే నూకరాజు మాత్రం నవ్వుతూ, "మేస్త్రికి కళ్ళజోడెందుకు బావా, పైడమ్మున్నాది కదా" అని పక్కవాడితో అనేవాడు. మేస్త్రి నవ్వేవాడు కాదు.

ఒకసారి ఎలమంచిలి నుంచి ఒకాయన నల్ల కారు తెచ్చాడు. వాళ్ళ నాన్న కొన్న కారట. ఆయన పోయారు. "కొత్త రంగు వెయ్యొద్దు, నాన్న ఉన్నప్పటి రంగే మెరవాలి" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. మేస్త్రి బఫర్ పట్టుకున్నాడు. గిర్రున తిరిగే బరువైన మెషీన్ అది. ఒకే చోట ఆగితే రంగు వేడెక్కిపోతుంది. అంచుల దగ్గర రంగు మరీ పల్చన. బానెట్ అంచు దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"మేస్త్రీ, ఆపండి."

"ఏటే?"

"అడుగు పూత బూడిదరంగు తేలిపోయింది."

ముఖం బానెట్‌కి ఆనేంత దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత వేలితో తడిమాడు. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, ఆయనకి ఆ మచ్చ కనిపించలేదని. ఇన్నాళ్ళూ నన్ను అడిగింది అందుకేనని.

నూకరాజు దగ్గరికొచ్చి, "ఒక్క సుక్క నలుపేసి వాక్స్ రాసీసుకుంటే ఆడికేటి తెలుత్తాది మేస్త్రీ" అన్నాడు.

మేస్త్రి ప్లగ్ పీకి, మెషీన్ కింద పెట్టి, సాయంత్రం కారాయన వచ్చేదాకా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆయన రాగానే లేచి ఆ మచ్చ మీద తనే వేలు పెట్టి చూపించాడు.

"నా సేతిలో పోయింది బాబూ. నాకు కళ్ళు అగుపడతం లేదు. ఎవరికీ సెప్పలేదు. మిగతాది ఈ పైడమ్మ సేత్తాది. దాని కళ్ళు మంచివి."

కారాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆడమనిషా?" అన్నాడు. కారు వైపు చూసి, "మీరు పక్కన కూర్చుంటారా?" అని మేస్త్రిని అడిగాడు.

మేస్త్రి కూర్చున్నాడు. స్పాంజి ప్యాడ్ నేనే ఎంచాను, మెత్తని పాలిష్ నేనే ఎంచాను. మెషీన్ మోత వింటూనే, "అక్కడ నొక్కుతన్నావ్, ఒదులు" అనేవాడు. తీసుకెళ్ళేటప్పుడు కారాయన మచ్చ మీద ఓసారి వేలు పెట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు. మెచ్చుకున్నాడో లేదో నాకిప్పటికీ తెలియదు. మేస్త్రి మాత్రం మళ్ళీ బఫర్ ముట్టలేదు. పోయేదాకా ఆ పీట మీదే కూర్చుని నా పని విన్నాడు.

దుకాణంలో రమ్యకి తేలికపాటి బఫర్ కొనిపించాను, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే రకం. దాంతో రంగు తొందరగా వేడెక్కదు. రెండు స్పాంజి ప్యాడ్లూ, మెత్తని పాలిషూ. "దీంతో అవుతుందా అమ్మమ్మా?" అని సణిగింది. ఇంటికొచ్చి కారు మీద నీళ్ళు పోయించాను. ఆరాక వెనక తలుపు మీద అరచేయంత చోటు చూపించి, బఫర్ దాని చేతికే ఇచ్చాను.

"నువ్వే చెయ్యొచ్చు కదా, నీకు వచ్చుగా" అంది.

"నాకు సరిగ్గా కనిపించడం లేదే" అన్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది. డాక్టరు ఖర్చవుతుందని దాచాను. ఇంకా ప్లగ్ పెట్టలేదు, ఎవరి రంగూ పోలేదు. మేస్త్రి కన్నా నేను ముందే చెప్పగలిగాను. అదీ ఆయన చలవే.

రమ్య నా ముఖంలోకి చూసింది. నేను కారు వైపు చెయ్యి చూపించాను.

"పక్కకి నిలబడి, ఏం కనిపిస్తోందో చెప్పు."