చదవకుండా ఫిట్ అని రాశాను

మొన్న పొద్దున ఖరగ్‌పూర్ స్టేషన్లో బండి కోసం నిలబడి ఉంటే పక్క లైన్లోంచి ఠంగుమని చప్పుడు వినిపించింది. ఆగి ఉన్న గూడ్స్ పక్కన ఒక మనిషి పొడుగు పిడి ఉన్న సుత్తి పట్టుకుని వంగి వంగి చక్రాలను కొట్టుకుంటూ వస్తున్నాడు. ఒక దెబ్బ కొట్టడం, పగులుంటే మోత తేడాగా వస్తుందని ఒక్క క్షణం చెవి ఒగ్గడం, మళ్ళీ ముందుకు కదలడం. ఈ చప్పుడు ఈమధ్య తగ్గిపోయింది. అదే సమయానికి నా ఫోను నాలుగుసార్లు గుర్రుమంది. ఫాంటసీ నవలలు చదివేవాళ్ళ గుంపొకటి ఉంది మాకు. అందులో ఎవరో అడిగారు, "తేలిగ్గా ఉండేది ఒకటి చెప్పండి, అర్జెంటు" అని. క్షణాల్లో పదిమంది పది పేర్లు గుమ్మరించారు. నేను "ఎవరికోసం?" అని రాశాను. జవాబు రాలేదు. నన్నెప్పుడూ ఇలాగే వదిలేస్తారు, పోలీసు ప్రశ్నలు వేస్తుందని వెనక నవ్వుకుంటారు కూడా. ఫోను సంచిలో పడేసి ఆ సుత్తి చప్పుడు చివరి డబ్బా దాకా వింటూ నిలబడ్డాను. ఆ ప్రశ్న నాది కాదు. నాకు నేర్పిన మనిషిది.

ఆయన పేరు సింహాచలం. ఇక్కడే ఖరగ్‌పూర్‌లో, పూరీ గేట్ దగ్గర మా వీధిలో పిల్లా పెద్దా అందరికీ సింహాచలం మావయ్య. శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చిన తాతకు మనవడు. గూడ్స్ డబ్బాలను అలా సుత్తితో కొట్టి పరీక్ష చేసే ఉద్యోగంలో రిటైరయ్యాడు. ఆయన ముందుగదిలో రెండు ఇనప బీరువాల నిండా తెలుగు ఫాంటసీ నవలలే ఉండేవి. మాంత్రికులు, ఎగిరే కోటలు, మాట్లాడే గుర్రాలు, శాపం తగిలి రాయైపోయిన ఊళ్ళు. విశాఖపట్నం వెళ్ళే ప్రతివాళ్ళకీ పాత పుస్తకాల కట్ట ఒకటి తెమ్మని పని పురమాయించేవాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓ పదిమందిమి అక్కడ చేరేవాళ్ళం. చదివినవి తిరిగిచ్చి, వాటి గురించి గొంతులు పోయేలా వాదించుకుని, కొత్తవి పట్టుకెళ్ళేవాళ్ళం. మాలో సగంమందిమి బెంగాలీ బడుల్లోనో హిందీ బడుల్లోనో చదివినవాళ్ళం. నేను తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది మా చర్చి పాటల పుస్తకంలో అయినా, పరుగెత్తడం నేర్చుకున్నది మాత్రం ఆ మాంత్రికుల పుణ్యమే.

పాడైన డబ్బా మీద సుద్దతో 'సిక్' అని రాసి పక్క లైన్లోకి పంపించడం, బాగున్నదాన్ని 'ఫిట్' అని వదిలేయడం ఆయన ఉద్యోగం. రిటైరైనా ఆ అలవాటు పోలేదు, పుస్తకాల మీదికి ఎక్కింది. అట్ట తిప్పగానే మొదటి కాగితం మూల పెన్సిల్‌తో ఈ రెండిట్లో ఏదో ఒకటి రాసి ఉండేది. ఫిట్ అంటే ఎవరికైనా ఇవ్వచ్చు. సిక్ అంటే పుస్తకం చెడ్డదని కాదు, లోపల బరువు ఉంది, తీసుకెళ్ళే మనిషిని చూసి ఇవ్వాలని. ఏ నవల గొప్పదో తేల్చడానికి మేం కొట్టుకుంటుంటే ఆయన పట్టించుకునేవాడు కాదు. "పుస్తకం బాగుంటే సాలదే. మోసేవోల్లు కూడా బాగుండాల గదా" అనేవాడు. మాకు అది ముసలాయన చాదస్తంగా ఉండేది. వెనక చేరి మేమూ ఒకళ్ళ నుదుటి మీద ఒకళ్ళం వేలితో ఫిట్ అనీ సిక్ అనీ రాసుకుని నవ్వుకునేవాళ్ళం.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఉద్యోగం పరీక్ష రెండోసారి పోయింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోవడమే భరించలేకుండా ఉంది. ఎలాంటి కథలిష్టం అని అడుగుతాడనుకుని జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆయన అది అడగలేదు.

"నిద్దరడతందా?" అన్నాడు.

"పట్టట్లేదు మావయ్యా."

"అన్నం తింతన్నావా?"

"ఆ, ఏదో."

లేచి బీరువాలో కాసేపు వెతికి ఒక బక్కపలచని నవల తీసి చేతిలో పెట్టాడు. అందులో ఒక రాక్షసుడు రాజ్యాన్నంతా జయించి, తీరా చూస్తే వాడికి వంట రాదు, ఆకలికి మాడిపోతుంటాడు. నాకు కోపం వచ్చింది. పట్టుదలగల రాకుమారుడు ఓడి ఓడి గెలిచే కథ ఇస్తాడనుకున్నాను, పరీక్ష పోయినదాన్ని కదా. ఆ మాటే అన్నాను. "ఓడిపోయినోల్లకి ఓడిపోయిన కత ఇస్తే ఏటి లాబం సువార్తా? ముందు నవ్వు, తరవాత సూద్దాం" అన్నాడు. ఇంటికెళ్ళి ఆ రాక్షసుడు గంజి మాడబెట్టే ఘట్టం దగ్గర పగలబడి నవ్వాను. పక్కగదిలోంచి మా అమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను చూసి, తనూ గుమ్మంలో నిలబడి నవ్వింది. ఆ మరుసటి ఏడాది ఊరి పక్క హిజ్లీలోని కాలేజీ ఆఫీసులో నాకు గుమాస్తా పని దొరికింది. ఆ నవల వల్లే దొరికిందని చెప్పను. కానీ మళ్ళీ చదవడానికి కూర్చోగలిగింది ఆ నవ్వు తర్వాతే.

కొన్నేళ్ళకు ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. ఒక కంటికి ఆపరేషన్ అయినా చూపు సరిగ్గా రాలేదు. అప్పుడు కొత్తగా వచ్చే కట్టల్ని చదివి ఫిట్టో సిక్కో రాసే పని నాకు అప్పజెప్పాడు. పదిమందిలో నన్నే ఎంచుకున్నాడని నాకెంత మిడిసిపాటో చెప్పలేను. ఆదివారం ఆయన పక్క కుర్చీలో కూర్చుని, పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, ఇన్‌స్పెక్టర్‌లా ఉండేదాన్ని. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "ఆఖరి పేజీ దాకా సదవాల. డబ్బా డబ్బా కొట్టి ఇనాల. ఒకటి ఒగ్గేసినావంటే అదే పట్టా తప్పుద్ది."

ఒకసారి పదకొండు పుస్తకాల కట్ట వచ్చింది. ఆఫీసులో అడ్మిషన్ల హడావిడి, సైకిల్ తొక్కుకుంటూ ఇంటికొచ్చేసరికి కళ్ళు మూతలు పడేవి. తొమ్మిది చదివాను. రెండు మిగిలాయి. ఆదివారం వచ్చేసింది. అందులో ఒకదాని పేరు 'ఏటి పిల్ల'. అట్ట మీద ఒక పిల్ల రెండు జడలతో నోరంతా తెరిచి నవ్వుతోంది. మా ఇళ్ళలో ఆ మాట రోజుకు వందసార్లు వినబడుతుంది. పాలు ఒలికినా, గౌను చిరిగినా, తల్లి నడుం మీద చెయ్యి వేసుకుని "ఏటి పిల్లా!" అంటుంది. ఏమిటే పిల్లా అని. నాకు ఆ పేరు అచ్చం మా అమ్మ గొంతుతోనే వినిపించింది. పుస్తకాల తెలుగులో ఏటి అంటే ఏరుకు సంబంధించినదని నాకు తెలియక కాదు. ఎన్ని నవలల్లో ఏటి ఒడ్డున దిగలేదు నేను! ఆ క్షణాన తట్టలేదు, అంతే. ఏదో అల్లరిపిల్ల కథ అనుకుని ఫిట్ అని రాసేశాను. మావయ్యకు పేరు చదివి వినిపిస్తే ఆయనా నవ్వాడు. "మా అమ్మ మా సెల్లిని అలగే కేకేసేది" అన్నాడు. "సదివినావా?" అని అడిగాడు. "చదివాను మావయ్యా, కడుపుబ్బా నవ్విస్తుంది" అన్నాను. ఆ రెండో ముక్క ఎవరడిగారు నన్ను?

ఆ రోజే వరాలమ్మ పిన్ని వచ్చింది. మా వీధి చివర ఇంట్లో జాకెట్లు కుట్టేది. తొమ్మిదేళ్ళ కూతురు జ్వరంతో పోయి ఏడు నెలలైంది. అప్పటినుంచి ఆదివారాలు రావడం మానేసింది. ఆ వేళ గుమ్మం దగ్గరే నిలబడి, "మావయ్యా, ఏటైనా నవ్వొచ్చేది ఉంటే ఇయ్యండి. మిషను కాడ కూకుంటే సెయ్యి ఆడతలేదు" అంది. ఆయన నావైపు తిరిగాడు. నేను 'ఏటి పిల్ల' తీసి ఇచ్చాను. నా చేత్తోనే ఇచ్చాను.

మూడో ఆదివారం ఆ పుస్తకం తిరిగొచ్చింది. పిన్ని రాలేదు, పక్కింటివాళ్ళ చేత పంపింది. తెరవబోతే తెరుచుకోలేదు. నూటపదో పేజీ నుంచి చివరిదాకా కాగితాలన్నీ కలిపి నల్లదారంతో అంచు వెంబడి కుట్టేసి ఉన్నాయి. దగ్గర దగ్గర కుట్లు, జాకెట్టు చంక దగ్గర వేసేంత గట్టివి. కుట్టు మొదలయ్యే ముందు పేజీ చదివాను. ఆ పిల్ల ఏటికి ఇస్తామని మొక్కుకున్న పిల్ల. మాంత్రికుడితో చేసుకున్న ఒప్పందం ప్రకారం తొమ్మిదో ఏట ఏరు వచ్చి గుమ్మంలోంచి దాన్ని తీసుకుపోతుంది. తల్లి చేతిలో జడరిబ్బను మిగులుతుంది. మావయ్య అడిగితే ఆ పేజీ పైకి చదివాను. ఆయన లేచి, చొక్కా తొడుక్కుని, నా భుజం పట్టుకుని బయల్దేరాడు.

వరాలమ్మ పిన్ని మిషను ముందే ఉంది. మావయ్య కూర్చోలేదు. "తప్పు నాదే తల్లీ. కల్లు కనబడక, సదవకుండా ఇచ్చేసినాను" అన్నాడు, రెండు చేతులూ జోడించి. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. విప్పలేదు. పిన్ని ఆయన చేతులు కిందికి దించి, "ఇంకెవులికీ ఇయ్యకండి మావయ్యా. అందుకే కుట్టేసినాను" అంది. నావైపు చూడలేదు. తిరిగొచ్చే దారిలో ఆయన తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఇంటి మెట్ల దగ్గర ఆగి, "ఠీక్ హై. కుట్టు ఇప్పి మొత్తం సదువు. సదివినాక దానిమీద ఏటి రాయాలో నువ్వే రాయి" అన్నాడు. అంతే. నేను చదివానో లేదో ఆయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అలా అడగకుండా నన్ను వదిలేసినందుకు చాలాకాలం ఆయన మీద కోపంగానే ఉండేది నాకు. ఫిట్ చెరిపి సిక్ అని రాశాను. కాగితం మీద పాత అచ్చు పోలేదు.

వరాలమ్మ పిన్ని మరి ఆదివారాలకు రాలేదు. ఒక్కొక్కళ్ళే తగ్గారు, కొందరు బదిలీలపై వెళ్ళారు, కొందరికి ఫోన్లొచ్చాయి. నాలుగేళ్ళకు మావయ్య పోయాడు. వాళ్ళింట్లోవాళ్ళు బీరువాలు రెండూ నాకిచ్చారు. వాటిని సర్దిన మర్నాడు మధ్యాహ్నం నేను పిన్ని ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేశాను.

"పిన్నీ, ఆ పుస్తకం మావయ్య తప్పు కాదు. చదివే పని నాది. నేను చదవలేదు. చదివానని అబద్ధం చెప్పాను."

ఆమె దారం కొరికి, సూది జాకెట్టుకు గుచ్చి పక్కన పెట్టింది.

"తెలుసే. సదివినోల్లెవులైనా నాకిస్తారేటి?"

నేను చెప్పులు విడిచి లోపలికి వచ్చాను.

"ఇప్పుడు సదివినావా?"

"చదివాను పిన్నీ. మూడుసార్లు."

"నాను ఏరు లాక్కుపోయిన కాడే ఆపేసినాను. తరవాత ఆ తల్లి గట్టు మీదే కూకుండిపోద్దా?"

"చాలా రోజులు కూర్చుంటుంది. చివరికి ఇంటికెళ్తుంది."

"ఎల్లి ఏటి సేస్తాది?"

"పొయ్యి వెలిగిస్తుంది. అన్నం వండుకుంటుంది. అక్కడితో అయిపోతుంది."

పిన్ని కిటికీలోంచి వీధి వైపు చూసింది. తర్వాత, "మరేటి సేస్తాది" అంది నెమ్మదిగా, నాతో కాదు. లేచి, "కూకో, టీ ఎడతాను" అని లోపలికి వెళ్ళింది. నేను ఆ మిషను పక్కన కూర్చుని ఏడ్చాను. తను వచ్చి గ్లాసు చేతికిచ్చి, మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఎవరైనా నాకు తెలియని నవల గురించి అడిగితే "చదవలేదు" అంటాను. ఇన్ని చదివినదానివి ఇది చదవలేదా అని ఆశ్చర్యపోతారు. పోనీ. ఒక్క మాట అది, పలకడానికి క్షణం పట్టదు. ఆ ఆదివారం సింహాచలం మావయ్య నావైపు తిరిగినప్పుడు ఆ ఒక్క మాట అని ఉంటే, ఆయన ఆ గుమ్మంలో చేతులు జోడించాల్సిన పని ఉండేది కాదు.