బుధవారం అని రాశాను

మా అక్క పెద్దకూతురు రైలు దిగుతూనే నా చేతిలో పెట్టింది లాంగ్ నోట్‌బుక్కులోంచి చింపిన ఒక కాగితం. పన్నెండు చోట్ల పేర్లు, స్కేలుతో గీతలు కొట్టి, వరసగా రాసుకొచ్చింది. కుతుబ్ మీనార్ పక్కన ఎర్ర ఇంకుతో చుక్క.

"ఏది పోయినా పర్వాలేదు గానీ పిన్నీ, ఇది మాత్రం ఉండాలి," అంది.

దానికి పన్నెండేళ్లు. చెల్లెలికి పది. వెనకాల మా బావగారు పెట్టెలు చూసుకుంటున్నారు. ఆయనకి ఢిల్లీలో నాలుగు రోజుల ఆఫీసు ట్రైనింగు పడింది. దసరా సెలవులు కదా అని పిల్లల్ని వెంటపెట్టుకొచ్చారు. అక్క వాళ్లత్తగారికి నడుం నొప్పి, అందుకని అక్క రాలేకపోయింది. సోమవారం నుంచి గురువారం దాకా పిల్లల్ని తిప్పి చూపించే పని నాది.

అప్పటికి మేం సరోజినీ నగర్ క్వార్టర్సుకి వచ్చి రెండేళ్లు. నాకు తెలిసిన ఢిల్లీ అంటే వీధి చివర పాల బూత్, బట్టల మార్కెట్టు, మా అమ్మాయి బడి. బి.ఎస్సీ. చదివానన్న మాటే గానీ, ఆటోవాడు రెండో ప్రశ్న వేస్తే నాకు హిందీ అయిపోయేది. అప్పుడు మా ఐదేళ్ల అమ్మాయి జవాబు చెప్పేది.

ఆదివారం సాయంత్రం అందరం ఆ కాగితం చుట్టూ కూర్చున్నాం. మా ఆయన ఆఫీసులో ఒక్క రోజు సెలవు దొరుకుతుందన్నారు. మంగళవారం పెట్టుకుంటానన్నారు. బావగారు ఒప్పుకోలేదు.

"మంగళవారం కొత్త పని మొదలెట్టడం ఏంటండీ? సోమవారం పెట్టుకోండి. ఒకసారి మొదలైతే తర్వాత ఏ రోజైనా ఒకటే."

సరే అనుకుని సోమవారం బయల్దేరాం. బొమ్మల మ్యూజియం గేటుకి తాళం. రైళ్ల మ్యూజియం గేటుకి తాళం. అక్కడ కాపలా అతను బీడీ ఆర్పి, "సోమ్‌వార్ ఛుట్టీ," అన్నాడు. తామర పువ్వు గుడి కూడా అంతేనన్నాడు.

"పిన్నీ, ఢిల్లీకి సోమవారం సెలవా?" అని చిన్నది అడిగింది. మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన సెలవు ఖర్చయిపోయింది. మంగళ, బుధవారాలు ముగ్గురాడపిల్లలతో నేనొక్కదాన్నే ఈ ఊళ్లో తిరగాలి. గురువారం సాయంత్రం వాళ్ల రైలు. ఆ రోజు పెట్టెలు సర్దుకోవడానికే సరిపోతుంది. పెద్దది కాగితం తీసి, పన్నెండింట్లో ఎనిమిది కొట్టేసింది. ఎర్ర చుక్క ఉన్నదాన్ని మంగళవారం ఎదురుగా రాసింది.

మంగళవారం ఎనిమిదింటికి బావగారూ మా ఆయనా వెళ్లిపోయారు. నేను పులిహోర డబ్బాలకెత్తుతున్నాను. బాత్రూంలోంచి పెద్దది పిలిచింది.

"పిన్నీ, నువ్వొక్కదానివే రా."

చూడగానే అర్థమైంది. మొదటిసారి. గోడ గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది. ఆ క్షణంలో గడియారం వైపు ఎందుకు చూశానో మా ఇళ్లలో పుట్టిన ఆడవాళ్లకి చెప్పనక్కర్లేదు. అందరికంటే ముందు తల్లికి చెప్పాలి. వెంటనే పిల్లని ఒక మూల కొత్త చాప మీద కూర్చోబెట్టాలి. తొమ్మిది రోజులు ఎవరినీ ముట్టుకోకూడదు, గడప దాటకూడదు. వారం, గంట, నిమిషం, ఒంటి మీదున్న బట్ట రంగు, అన్నీ రాసి పెట్టుకోవాలి. పంతులుగారు పంచాంగం చూసి మంచిదో కాదో చెబుతారు. రేపు పెళ్లి సంబంధం వచ్చినప్పుడు కూడా అడుగుతారు. మంగళవారం అయితే మంచిది కాదంటారు. శాంతి చేయిస్తారు. చేయించినా ఆ మాట ఆ పిల్ల వెంట ఉంటుంది.

అది భయపడలేదు. "మా క్లాసులో ఇద్దరికి అయింది పిన్నీ, నాకు తెలుసు," అంది. భయపడింది నేను. బీరువాలోంచి ప్యాకెట్టు తెచ్చిచ్చి, ఎలాగో చెప్పి, బయట నిలబడ్డాను. బయటికొచ్చి అది మొదట అడిగిన మాట, "ఇవాళ వెళ్తున్నాం కదా?"

"అమ్మకి ఫోన్ చెయ్యాలే."

"చేస్తే కూర్చోబెట్టేస్తారు. నాన్నకి చెప్తారు. గురువారం దాకా నేనిక్కడ గోడ చూసుకుంటూ కూర్చోవాలి. చెల్లి ఒక్కతే చూసొస్తుంది." కాగితం తీసి ఎర్ర చుక్క మీద వేలు పెట్టింది. "రైలెక్కాక చెప్పు పిన్నీ. నేను మళ్లీ ఢిల్లీ ఎప్పుడొస్తాను?"

పిల్లలకి చెప్పులు వేయించి, తాళం వేసి, మార్కెట్టు మలుపులో ఉన్న ఎస్టీడీ బూత్‌కి తీసుకెళ్లాను. అక్క ఇంట్లో ఫోన్ లేదు. పక్కింటావిడ పిలిచి పెడుతుంది. అద్దాల తలుపు వేసుకుని లోపల నేను, బయట వాళ్లు ముగ్గురు. అక్క పరుగెత్తుకుంటూ వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"ఏమే, పిల్లలు బాగున్నారా? తింటున్నారా? ఇవాళ ఎక్కడికి?"

అద్దం అవతల పెద్దది నన్నే చూస్తోంది. దణ్ణం పెట్టలేదు, సైగ చెయ్యలేదు. చేతిలో కాగితం మడత పెట్టి పట్టుకుంది, అంతే.

"కుతుబ్ మీనార్‌కి," అన్నాను.

"అదే కదూ వారం నుంచీ కలవరిస్తోంది! ఇదిగో చూడు, పెద్దదాని మీద ఓ కన్నేసి ఉంచు. దానికి ఈడొచ్చింది. అక్కడ ఏదైనా అయితే టైము మాత్రం రాసి పెట్టు, మా అత్తగారు ముందదే అడుగుతారు."

"అలాగేనక్కా."

"ఇంకేంటి విశేషాలు?"

"ఏం లేవక్కా."

అక్క ఫోన్ పెట్టేశాక కూడా రిసీవరు పట్టుకుని నిలబడ్డాను. ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదది. నోరు చెప్పేసింది, నేను విన్నాను. బయటికొస్తే చిన్నది, "అమ్మ ఏమంది?" అని అడిగింది. "జాగ్రత్తగా వెళ్లిరమ్మంది," అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే నాకు మరీ భయం వేసింది.

ఆటో ఎక్కబోతూ నా స్వెట్టరు విప్పి పెద్దదాని నడుముకి కట్టాను. "ఎండలో స్వెట్టరేంటి దీదీ?" అని మా అమ్మాయి హిందీలో అడిగింది. "ఫ్యాషను," అంది పెద్దది. దాంతో చిన్నది తన స్వెట్టరు కూడా నడుముకి కట్టుకుంది. మా అమ్మాయి తనకీ కట్టమని ఏడ్చింది. చివరికి ముగ్గురూ నడుములకి స్వెట్టర్లు వేలాడదీసుకుని ఆటోలో కూర్చున్నారు. నేను చలిగాలికి కొంగు కప్పుకున్నాను.

కుతుబ్ మీనార్ ఎత్తు ఎంతో, ఎవరు కట్టించారో పిల్ల చెబుతూనే ఉంది. నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నేను చూసిందల్లా బాత్రూం ఎక్కడ, దాని ముందు ఎంతమంది మగవాళ్లున్నారు, తలుపుకి గడియ ఉందా లేదా. గంటకోసారి దాన్ని పక్కకి పిలిచి, "బాగానే ఉందా?" అని అడుగుతున్నాను. నాలుగోసారికి విసుక్కుంది. "బాగానే ఉన్నాను పిన్నీ, నువ్వే బాగాలేవు."

మీనార్ లోపలికి ఎక్కనివ్వరని తెలిసి ముఖం చిన్నబుచ్చుకుంది. తర్వాత అక్కడి ఇనప స్తంభం చూసింది. దానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి తిప్పి కౌగలించుకుంటే, వేళ్లు కలిసిన వాళ్లకి కోరిక తీరుతుందని జనం వరసలో నిలబడ్డారు. మన పిల్లా నిలబడింది. ముందు ఒక సర్దార్‌జీ కుటుంబం, వెనకాల ఎవరో కొత్త దంపతులు. ఇంటి దగ్గరుంటే ఈపాటికి దాని కంచం వేరు, గ్లాసు వేరు. ఎవరైనా పొరపాటున తగిలితే తలస్నానం. ఇక్కడ అది ఊరందరూ తాకే స్తంభాన్ని ఒళ్లంతా ఆనించి పట్టుకుంది. వెనక్కి లాగుదామనుకున్నాను. అంతలోనే, మా ఆయన ఇచ్చిన కెమెరా తీసి నొక్కాను కూడా.

వేళ్లు కలవలేదు. జానెడు దూరం మిగిలిపోయింది. "చేతులు పొట్టి నీకు," అంది చెల్లెలు. "పెరుగుతాయిలే," అంది పెద్దది.

బుధవారం రైళ్ల మ్యూజియం, బొమ్మల మ్యూజియం, ఇండియా గేట్ చూశాం. సాయంత్రం నాలుగింటికల్లా బావగారు హుషారుగా ఇంటికొచ్చారు. ట్రైనింగు తొందరగా వదిలేశారట. "పదండి, ఆర్కే పురంలో మలై మందిర్‌కి వెళ్దాం. అమ్మ మరీ మరీ చెప్పింది, పిల్లల చేత అర్చన చేయించమని."

నేను ఊహించని చోటు అది. గుట్ట కింద చెప్పులు విప్పే దగ్గర పెద్దది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముట్టయిన పిల్ల గుడి మెట్లెక్కకూడదు. అంతవరకూ అన్నిటికీ తెగించిన పిల్ల, అక్కడ మాత్రం తెల్లబోయి నిలబడింది. దానికా భయం నేర్పింది మేమే.

"బావగారూ, నాకు వీలుపడదు. బయట ఉన్నాను," అన్నాను. మా ఇళ్లలో ఆ మాటకి ఇంకో ప్రశ్న ఉండదు.

"అయ్యో," అని ఆయన రెండడుగులు వెనక్కి జరిగారు.

"పిన్నికి తోడు నేనుంటాను నాన్నా," అంది పెద్దది వెంటనే.

ఆయన చిన్నదాన్నీ మా అమ్మాయినీ తీసుకుని మెట్ల దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగారు. "పొద్దున ఆ పప్పుచారూ అదీ..." అని ఆగిపోయారు.

"ఇప్పుడే బావగారూ, ఇండియా గేట్ దగ్గర," అన్నాను.

ఆయన ముఖంలో కనిపించిన తేలికదనం ఇప్పటికీ గుర్తుంది. ఆయన అటు వెళ్లాక మేమిద్దరం పేవ్‌మెంటు మీద కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ అది ఏడ్చింది.

ఆ అబద్ధం ఇంటికొచ్చాక నా మెడకే చుట్టుకుంది. బయట ఉన్న మనిషి వంటింట్లోకి వెళ్లకూడదు కదా. రాత్రి మా ఆయన అన్నం మాడ్చారు. మర్నాడు రైల్లోకి కట్టిస్తానన్న పూరీలు, బంగాళాదుంప కూర నేను చెయ్యడానికి లేదు. నిజంగా ముట్టయిన పిల్ల వంటింట్లో నిలబడి మా ఆయనకి ఉప్పు డబ్బా అందిస్తోంది. నేను వరండాలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తున్నాను. తొమ్మిది రోజులు అది చూడాల్సిన గోడని ఒక పూట నేను చూశాను.

గురువారం వాళ్లు బట్టలు సర్దుకుంటుంటే అక్కకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. "పెద్దపిల్ల పెద్దమనిషయింది" అని రాశాను. తర్వాత టైము రాయాలి. నిజం రాస్తే మంగళవారం, ఉదయం ఎనిమిదీ ఇరవై. పంతులుగారు పెదవి విరుస్తారు. అంతే కాదు, ఎస్టీడీ బూత్‌లో నిలబడి "ఏం లేవక్కా" అన్నప్పుడు నాకన్నీ తెలుసని అక్కకి తెలిసిపోతుంది. చిన్నప్పటి నుంచీ నన్ను కూతుర్లా చూసుకున్న మనిషి. పెన్ను ఎత్తి ఎంతసేపు కూర్చున్నానో. చివరికి బుధవారం అని రాశాను. ఉదయం తీసేసి రాత్రి అని పెట్టాను, ఎనిమిదీ ఇరవై మాత్రం మార్చలేదు. బట్ట రంగు, నీలం. అదీ మార్చలేదు. కవరు అంటించి పెద్దదాని చేతికిచ్చాను. "ఇంటికెళ్లాక అమ్మకి, అమ్మ ఒక్కదానికే." తల ఊపింది. స్టేషన్లో కిటికీలోంచి ఆ పన్నెండు పేర్ల కాగితం నాకు తిరిగిచ్చేసింది. నాలుగింటికి టిక్కులు పెట్టి ఉన్నాయి.

మూడు వారాలకి అక్క ఉత్తరం వచ్చింది. వేడుక బాగా జరిగిందట. చీర కట్టారట, చిమ్మిలి పంచారట. బుధవారం కాబట్టి దివ్యంగా ఉందని పంతులుగారన్నారట, వాళ్లత్తగారు సంబరపడ్డారట. కింద, చోటు చాలక అంచు వెంబడి, ఇంకో నాలుగు వాక్యాలు ఉన్నాయి.

"చాప మీద కూర్చున్న మూడో రోజు అది నాకంతా చెప్పేసింది. మా అత్తగారికీ మీ బావగారికీ నేను చెప్పలేదు, చెప్పను. స్తంభం దగ్గర తీసిన ఫోటో ఇప్పుడప్పుడే పంపకు, నడుముకి ఆ స్వెట్టరు చూసి ఎవరైనా రోజులు లెక్కపెడతారు. ఫోన్లో నాకొక్క మాట చెప్తే నేను వద్దనేదాన్నా?"

ఫోటో బాగా వచ్చింది. చేతులు వెనక్కి చాచి, నడుముకి నా స్వెట్టరుతో, కళ్లు మూసుకుని కోరుకుంటోంది. కవర్లో పెట్టి అక్క చిరునామా కూడా రాశాను, బీరువాలో ఉంది. ఇంట్లో అందరూ పడుకున్నాక జవాబు రాయడానికి కూర్చుంటాను. క్షేమం అని రాస్తాను. ఇక్కడ చలి పెరిగిందని రాస్తాను. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. వద్దనేదానివే అని రాస్తే అక్కని నేను ఏమనుకున్నానో చెప్పినట్టవుతుంది. వద్దనేదానివి కాదు అని రాస్తే, మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?