రోజూ ఉతికే జంపఖానా

ఐలా కొప్పొనెన్ ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రి దుప్పట్లు ఉతికి పదవీ విరమణ చేసింది. ఆరోజు ఇంటికొచ్చి, ఇక ఈ జన్మకి ఉతుకుడు చాలనుకుంది. అనుకున్నవన్నీ జరిగితే ఇంకేం?

హెల్సింకిలో ఏ ఇంటివాళ్లైనా వేసవికి ఒక్కసారి పాత బట్టల పేలికలతో నేసిన జంపఖానాలు చుట్ట చుట్టి, సముద్రం ఒడ్డున చెక్కలతో కట్టిన రేవుకి మోసుకెళ్తారు. పైన్ చెట్టు నూనెతో చేసిన సబ్బుతో రుద్ది, పిండే మరలో తిప్పి, గాలికి ఆరేసుకుంటారు. ఐలా మాత్రం యాత్రికుల ఓడ వచ్చిన ప్రతి ఉదయం ఉతుకుతుంది. అదీ ఒకే ఒక్క జంపఖానా. దానికి మురికంటి నాలుగేళ్లయింది.

అంతా ఒక ఫోటో తెచ్చిన తంటా. ఆమె మోకాళ్ల మీద కూర్చుని జంపఖానా రుద్దుతుంటే ఎవరో ఫోటో తీశారు. ఊరు చూపించే కంపెనీ ఒకటి దాన్ని కరపత్రం మీద అచ్చేసింది. ఓడ దిగినవాళ్లు చర్చి చూశాక "ఆ ఉతికే అవ్వ ఎక్కడ?" అని అడగడం మొదలుపెట్టారు. అదే ఏడాది, చెక్కలు పుచ్చిపోయాయి కనుక రేవు పీకేస్తామని నగరపాలకులు నోటీసు అంటించారు. కంపెనీ తరఫున మెర్వి అనే ఆవిడ రేవుకి వచ్చింది.

"రేవు మరమ్మతు మేం చూసుకుంటామండీ ఐలా గారూ. ఓడ వచ్చిన రోజు మీరో గంట ఉతికితే చాలు. మీరు ఉతికినన్నాళ్లూ రేవు ఉంటుంది."

ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒప్పుకోమని ఒక్కరూ అడగలేదు. తడి జంపఖానాల వైపు చూస్తూ నిలబడ్డారంతే. అడిగి ఉంటే కాదనేదేమో. ఆ చూపులకి ఆమె మొహమాటపడి సరే అంది. ఆ ఊళ్లో సరే అంటే సరే. అన్నమాట వెనక్కి తీసుకున్న మనిషిని ఐలా తన డెబ్బై రెండేళ్లలో చూడలేదు.

అప్పటినుంచీ పాడిందే పాట. ఆమె రుద్దుతుంది, యాత్రికులు ఫోటోలు తీస్తారు. చెల్లెలు తెల్లెర్వోకి ఊరికి దూరంగా చెరువు ఒడ్డున చిన్న చెక్క ఇల్లుంది. ఏటా జూన్‌లో ఫోన్ చేసి "ఈసారి వస్తావా?" అని ఒక్కసారి అడుగుతుంది. రాలేనంటే రెండోసారి అడగదు. అలా నాలుగు వేసవులు పోయాయి.

ఒకరోజు పైవాటా హిల్కా కాఫీకి పిలిచి అంది: "మానెయ్యవే ఐలా. కోతిలా ఆడిస్తున్నారు నిన్ను."

"మానేస్తే నీ జంపఖానాలు ఎక్కడ ఉతుకుతావు? స్నానాల గదిలోనా?"

హిల్కా ఇంకో కప్పు పోసి, యాలకుల బన్ను ముందుకు జరిపింది.

ఆ జంపఖానా వాళ్లమ్మ నేసింది. నీలం చారలు నాన్న పనిచొక్కాలు. ఎర్రచార ఐలా మొదటిసారి బడికి వేసుకెళ్లిన గౌను. ఐదో ఏడు జూన్‌లో నీళ్లలో నీలం పోగులు తేలడం చూసింది. రెండు చేతులతో ఏరి జేబులో వేసుకుంది. ఆ సాయంత్రం ఆ పోగులు ఆరబెడుతుంటే ఒక ఆలోచన వచ్చింది. జంపఖానాయే చిరిగిపోతే? తను మాట తప్పినట్టు కాదు. ఎవరి తప్పూ కాదు. ఆ ఆలోచనకి సిగ్గేసి లేచి దీపం ఆర్పేసింది.

వారం తిరక్కుండా పడవల అడుగు గీకే గరుకు బ్రష్ కొనుక్కొచ్చింది. "అమ్మా, ఏమనుకోకు," అని లోపల అనుకుంటూ నాన్న చొక్కా మీదే బలంగా రుద్దింది. యాత్రికులకి అది ఇంకా బాగా నచ్చింది.

ఆగస్టులో జంపఖానా మరలో నలిగి నీలం చార దగ్గర రెండుగా చిరిగింది. ఐలా చెరో చేత్తో చెరో ముక్క పట్టుకుని నిలబడింది. ఏడుపొచ్చింది. ఒళ్లు తేలికైంది కూడా.

"అయిపోయిందండీ మెర్వి గారూ," అంది.

మెర్వి కళ్లు తుడుచుకుంది. "రెండురోజులు ఇంట్లోనే ఉండండి. దిగులు పడకండి."

ఆ రెండు రోజులూ ఐలా కిటికీ దగ్గర కూర్చుని, ఓడ రావడం చూస్తూ కాఫీ తాగింది. చెల్లెలికి తనే ఫోన్ చేసింది. "రేపు పదింటి బస్సుకి వస్తున్నా. ఆవిరిస్నానాల గది వేడిగా ఉంచు, మీ చెరువు చలి నాకు పడదు," అంది. తెల్లెర్వో "దుప్పటి తెచ్చుకోకు, నా దగ్గరుంది," అంది.

మూడోరోజు ఎనిమిదింటికి తలుపు గంట మోగింది. గుమ్మంలో మెర్వి, చంకలో పెద్ద చుట్టతో. వెనక హిల్కా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, చేతుల్లో కేకు.

"నువ్వు దిగులుతో గడప దాటడం లేదని అందరం కలిసి చేయించామే," అంది హిల్కా. ఆమె ముఖం వెలిగిపోతోంది.

మెర్వి చుట్ట విప్పింది. ఫోటో చూసి నేయించారు. చారకి చార సరిపోయింది. "ఈ దారం వేరండీ. రోజూ ఉతికినా ముప్పై ఏళ్లు చెక్కు చెదరదట."

తలుపు చాటున సర్దిపెట్టిన సంచీ ఉంది. ఐలా దాన్ని కాలితో గోడ వారకి నెట్టింది. "ఎందుకింత శ్రమపడ్డారు," అని కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. అక్కడ కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో కాసేపు ఏడ్చింది.

పదింటికి రేవులో మోకాళ్ల మీద కూర్చుంది. ఒక యాత్రికురాలు వంగి, ఇది ఎవరు నేశారని అడిగింది.

"వీళ్లమ్మ," అంది మెర్వి.

ఐలా గరుకు బ్రష్ అందుకుని నీలం చార మీద ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి రుద్దింది. నీళ్లలోకి ఒక్క పోగు కూడా రాలేదు.