రెండు సాళ్ల సాయం

శింగనమల పక్క పల్లెలో హనుమంతమ్మ నలభై ఏళ్లుగా వేరుశనగ చేలో కలుపు తీస్తోంది. ఈసారి ఆమెకు సాయం చేస్తామని జర్మనీ నుంచి నలుగురు వచ్చారు. పాటలు పాడుకుంటూ గంటలో రెండు సాళ్లు పూర్తి చేశారు. ఆమె వెళ్లి చూస్తే కలుపు దర్జాగా సాళ్లలోనే ఉంది, వేరుశనగ మొక్కలన్నీ గట్టున కుప్పగా పడున్నాయి!

కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని చేలోనే కూలబడింది. సంగతి తెలిశాక సిగ్గుపడుతూనే వాళ్లూ పడీపడీ నవ్వారు. ఇంకేం సాయం చేయమంటారని ఆమె కూతురు జ్యోతి చేత అడిగించారు.

"పనికి వద్దప్పా, సుట్టాల మాదిరి రాండి, సంగటి పెడతా. సాయమంటారా, వచ్చే యేడు నేనే మీ ఊరికొస్తా. మీ తోటలు యాడుండాయో చెప్పండి. ఆడ ఏది చెట్టో ఏది కలుపో నాకూ తెలీదు, రెండు సాళ్లు పీకి పోతా!"