ఆ తేనెలో నీళ్లు లేవు

మా వాళ్లలో ఏ పెళ్లి జరిగినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. నాకు పెళ్లికాని రోజుల్లో, శాంతి నగర్‌లో మా గల్లీకి తేనె అమ్మడానికి వచ్చే కాత్కరి తెగ ఆమె మోసాన్ని నేను ఒక్క నూలువత్తితో ఎలా పట్టేశానో చెప్పి నవ్వుతారు. చాలాకాలం నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. కానీ జరిగింది అది కాదు.

ఆమె షాపూర్ అడవుల వైపు నుంచి వచ్చేది. ఇంటింటా మరమగ్గాలే. ఆ సాంచెలు ఆడుతున్నంతసేపూ మా గల్లీలో ఎంత అరిచినా ఎవరికీ వినబడదు. అందుకని కరెంటు పోయేదాకా సందు మొదట్లో కూర్చుని, సాంచెలు ఆగగానే "మధ్... మధ్..." అంటూ లోపలికి నడిచేది. ఇప్పటికీ కరెంటు పోయి గల్లీ ఒక్కసారిగా మూగబోతే, ఆ గొంతు వస్తుందేమోనని గుమ్మం వైపు చూడకుండా కూర్చుంటాను.

ఆమె దగ్గర రెండు రకాల తేనె ఉండేది. కొండ చరియలకు వేలాడే పెద్ద తెట్టెల తేనె నల్లగా, చిక్కగా, గొంతులో కాస్త మంట పుట్టించేది. పొదల్లో చిన్న ఈగలు పెట్టే జుంటితేనె లేత రంగులో, పలచగా ఉండేది. నేరేడు పూసిన ఏడాది దానికి చిన్న వగరు తగిలేది. నల్ల తేనెను అవ్వ, అంటే మా అమ్మ, వేడి తగ్గిన జొన్నరొట్టె మీద వేసి మాకు పెట్టేది. నూలుకు గంజి పట్టించే సైజింగ్‌లో ఆవిరికి చెయ్యి కాల్చుకుని వచ్చిన వాళ్లకూ అదే రాసేది. జుంటితేనె మాత్రం మా నాన్న, బాపు కోసం. పత్తి దుమ్ము మింగి మింగి ఆయన రొమ్ము పాడైపోయింది. శొంఠిపొడి, మిరియాలపొడి ఆ తేనెలో రంగరించి నాకితే దగ్గు కాస్త తెరపి ఇచ్చేది, ఆయనకు నిద్ర పట్టేది. పాలలో కలపబోతే కసురుకునేవాడు, తేనెకు వేడి తగలకూడదని.

ఆ ఎండాకాలం పక్కింటి వదిన ధామన్కర్ నాకా కూడలిలో ఎవరి దగ్గరో తేనె కొని మోసపోయింది. సీసా నిండా బెల్లం పానకమే. ఆ కోపం మీద ఉండగా ఈమె వచ్చింది.

"ఏంది బాయీ, గిండ్ల తేనె ఎంత, నీళ్లు ఎంత?" అని వదిన నిలదీసింది.

"పానీ నహీ బాయీ. చాఖ్ కే దేఖ్." నీళ్లు లేవు, రుచి చూడమంది.

"నాలికకు ఏం ఎరుకైతది? వత్తి ముంచి ముట్టిద్దాం. మండితె తేనె, చిటపటమంటె నీళ్లు."

మా గల్లీలో అందరూ నమ్మే పరీక్ష అది. అవ్వ నన్ను కేకేసింది. "అరేయ్, ఓ నూలువత్తి తేరా!" అప్పుడే సాంచెల షెడ్డులోంచి వస్తున్నాను, చేతిలో నూలు చుట్టిన కండె ఉంది. దాని నూలే తెంపి, పేని, వత్తి చేసి ఇచ్చాను. తేనెలో ముంచి ముట్టించగానే చిటపటమని ఆరిపోయింది. మళ్లీ ముట్టించినా అంతే.

"సూసిండ్రా! మా మరిది ఉండంగ మోసం నడుస్తదా?" అని వదిన చప్పట్లు కొట్టింది.

ఎండలకు పోగు తెగకుండా కండెలను తడి గోనెలో చుట్టి పెడతాం. సాంచెల మధ్య పెరిగిన వాళ్లకు చెప్పక్కర్లేని సంగతి. వత్తి ఆరిపోయాక నా వేళ్లకు తడి తెలిసింది. లుంగీకి తుడుచుకున్నాను. నోరు తెరవలేదు. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు మరి.

వదిన ఆమె డబ్బా లాక్కుని మోరీ కాలువలో గుమ్మరించింది. ఆమె డబ్బా అంచుకు మిగిలిన తేనెను వేలితో తీసి నాలుకకు రాసుకుని, ఏదో రుచి తేడా పట్టుకోవాలన్నట్టు నిలబడిపోయింది. తర్వాత వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బాపు నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"పోయినసారి సీసాల అడుగున జర్రంత ఉంటె ముట్టిచ్చి సూసిన. దీపం లెక్క మండింది. నువ్వు ఏ నూలు ఇచ్చినవ్‌రా?"

"దీపాల డబ్బాల వత్తే బాపూ."

"కండెది కాదు గద?"

"కాదు."

"గట్లయితె ఈసారి కలిపినట్టే ఉన్నది. గరీబుది, ఏం జేస్తది పాపం" అని అటు తిరిగి పడుకున్నాడు. ఇన్నేళ్లూ తన దగ్గుకు మందు తెచ్చిన మనిషిని వదిలి, కొడుకునని నన్ను నమ్మాడు.

దుకాణం నుంచి తేనె తెచ్చాను. ఒకసారి నాకి చెంచా పక్కన పెట్టేశాడు. మళ్లీ అడగలేదు. వానలు మొదలయ్యాక ఆయన దగ్గు సాంచెల చప్పుడును కూడా దాటుకుని వినిపించేది. ఆ వానల్లోనే పోయాడు. తేనె ఉంటే బతికేవాడని అనను. ఊపిరితిత్తులు చెడ్డాయని డాక్టరు ముందే చెప్పాడు. కానీ ఆ చివరి వారాలు ఆయన కూర్చునే తెల్లవార్చాడు. ఆమె తనను మోసం చేసిందనుకునే పోయాడు.

చలికాలంలో ఆమెను ధామన్కర్ నాకా దగ్గర చూశాను. రోడ్డు పక్కన కట్టెల మోపు పెట్టుకుని కూర్చుంది. తప్పుకుని పోదామనుకునేలోగా నన్ను గుర్తుపట్టింది.

"మధ్ లేదా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనుక.

"తుమ్హారే లోగ్ లేతే నహీ అబ్." మీవాళ్లు ఇప్పుడు కొనడం లేదన్న ఆ మాటలో కోపం లేదు. "బాబా కైసా హై? ఖాంసీ కమ్ హువా?"

బాపు దగ్గు తగ్గిందన్నట్టు తల ఊపాను.

"అచ్ఛా హై" అని మోపు సర్దుకుంది. నేను కదలబోతుంటే మళ్లీ పిలిచింది. "బాబాకో బోల్ నా, మై పానీ నహీ డాలీ." నీళ్లు కలపలేదని ఆయనకు చెప్పమంటోంది. ఆ ఒక్కటీ ఆయనకు తెలిస్తే చాలన్నట్టు నా జవాబు కోసం చూస్తూ ఉంది.

చెప్తానన్నాను.