ఇంజను మీద వేసిన నింద

మొన్న క్రిస్మస్‌కి పశువుల పాక కట్టాలని చర్చి స్టోరు రూము దులుపుతుంటే, మా బావమరిది అటక మీంచి ఒక కిరసనాయిలు డబ్బా దించాడు. మూత తియ్యకముందే అందులో ఏముందో నాకు తెలుసు. ఆ డబ్బా అక్కడ దాచింది నేనే.

మా తిరువూరికి ఈనాటికీ రైలు లేదు. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, బెజవాడ బస్సెక్కితే గాని ఇంజను మొహం చూడని రోజులవి. అప్పట్లో ఒక విదేశీ ఫాదరుగారు స్వదేశం వెళ్లిపోతూ మోచెయ్యంత ఇంజనూ, ఆరు పెట్టెలూ, తోటలో పరుచుకునే పట్టాలూ మా చర్చికి వదిలి వెళ్లారు. ప్రతి క్రిస్మస్‌కీ తోటలో పాక చుట్టూ ఆ రైలు తిరిగేది, ఎ.కొండూరు నుంచి కూడా జనం చూడ్డానికి వచ్చేవారు. ఒక్కో పెట్టెలో ఒక్కో ఇంటివాళ్లు మట్టిబొమ్మ పెట్టేవారు. చివరి పెట్టె మా వదినది. వెనకబడ్డ గొర్రెపిల్లను కూడా ఎవరో ఒకరు తీసుకురావాలిగా అంటూ, నల్లమట్టితో తాను చేసిన గొర్రెపిల్లను అందులో కూర్చోబెట్టేది.

ఆ రైలుకి నేనే పెద్ద దిక్కుని. బెజవాడలో ఇంజన్లు బాగుచేసే లోకోషెడ్డులో పనిచేశాననీ, డ్రైవర్లు నన్నడక్కుండా బండి కదిపేవారు కాదనీ ఊరంతా చెప్పుకున్నాను మరి. నిజానికి నేను ఒక వేసవిలో ఆ షెడ్డు గేటు బయట టీకొట్టులో గ్లాసులు కడిగాను, అంతే. అందుకే పెట్టెల్ని కలిపే కొక్కెం ఒకటి విరిగినప్పుడు అందరూ నావైపే చూశారు. బెజవాడ బొమ్మల దుకాణాల్లో అడిగితే నవ్వారు. జాకెట్టు హుక్కు తగిలించి చూశాను, సైకిలు పుల్ల వంచి బిగించాను. తిన్నగా ఉన్నంతసేపు బాగానే పోయి, మలుపు రాగానే పెట్టె పట్టా దిగేది. కొక్కెం అటూ ఇటూ ఆడాలన్న సంగతి ఈ లోకోషెడ్డు మేధావికి తట్టలేదు. చివరికి ఆఖరి పెట్టె కొక్కెం పీకి ముందుదానికి పెట్టి, కొత్తది చేశానని చెప్పాను. మరి ఆ పెట్టె ఏదని అడిగితే, ఇంజను ముసలిదైంది, ఇక అంత బరువు లాగలేదన్నాను.

అందరూ నమ్మారు. వదినైతే ఇంజను వీపు నిమిరి, “పాపం, దీనిక్కూడా మోకాళ్ల నొప్పులొచ్చాయా అబ్బాయ్?” అని, గొర్రెపిల్లను చెంగులో కట్టుకుని ఇంటికి తీసుకెళ్లిపోయింది. కొక్కెం విరిగినప్పుడల్లా ఒక పెట్టె డబ్బాలోకి పోయేది, నింద ఇంజను మీదికి పోయేది. అలా రైలు పొట్టిదై, ఒకనాటికి బయటికి తియ్యడమే మానేశాం.

డబ్బాలో పెట్టెలు చూసి బావమరిది, “ఏంటి బావా, ఒక్కదానికీ కొక్కెం లేదు? ఎలకలా?” అన్నాడు. సిగ్గుచేటు, ఈ వయసులో కూడా ఎలకలేనని చెప్పబోయాను. నోరు మూసుకుని పెట్టెలు ఇంటికి తెచ్చుకున్నాను. ఈసారి సైకిలు పుల్లలకు చివర చిన్న చుట్ట చుట్టి, పెట్టె అడుగున కొట్టిన మేకుకి, అటూ ఇటూ ఆడేలా వదులుగా గుచ్చాను. కొన్ని పాడయ్యాక కుదిరింది.

క్రిస్మస్ సాయంత్రం, స్టోరు రూములోనే ఉండిపోయిన ఇంజనుకి ఆరు పెట్టెలూ తగిలించి స్విచ్చి వేశాను. ఒక్కసారైనా ఆగితే బాగుండునని, నా మాటకు కాస్త పరువు దక్కుతుందని లోలోపల ప్రార్థించాను కూడా. అది ఆగలేదు, ఏ మలుపులోనూ తడబడలేదు.

చూడ్డానికి ఎ.కొండూరు నుంచి ఎవరూ రాలేదు. రైలంటే ఇప్పుడెవరికి వింత? ఆ మట్టిబొమ్మలు చేసిన చేతులు కూడా చాలావరకు లేవు. వదిన ఉంది గాని, చూపు ఆనదు. గొర్రెపిల్లను చివరి పెట్టెలో పెట్టించి, పట్టాల పక్కన కుర్చీలో కూర్చుంది.

“అంత ముసలిది, ఎలా లాగుతోంది అబ్బాయ్?” అంది.

“అది ఎప్పుడూ లాగేదే వదినా. నాకే కొక్కెం చెయ్యడం రాలేదు.”

ఆవిడ పట్టాల వైపు చెవి ఒగ్గింది. తిట్టినా బాగుండేది. రైలు చప్పుడు దగ్గరై, మళ్లీ దూరమయ్యాక అడిగింది.

“గొర్రెపిల్ల వెళ్లిందా?”

“వెళ్లింది వదినా” అన్నాను. ఆ ఇంజను గురించి ఆవిడతో నిజం చెప్పడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.